బీజే వాట్లింగ్: డర్బన్‌లో పుట్టి, న్యూజిలాండ్ గ్లవ్స్ తొడుక్కున్న కీపర్ (తరచుగా అడిగే ప్రశ్నలు)

న్యూజిలాండ్ క్రికెట్ గురించి మాట్లాడుకునేటప్పుడు మెకల్లమ్, విలియమ్సన్, బౌల్ట్ పేర్లు వెంటనే నోటికొస్తాయి. వాట్లింగ్ పేరు మాత్రం ఎవరో ఒకరు గుర్తు చేయాలి. గుర్తు చేశాక అందరూ ‘అవును కదా’ అంటారు. ఆ తర్వాత నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఇవే. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను.

అసలు ఎవరీ వాట్లింగ్?

పూర్తి పేరు బ్రాడ్లీ-జాన్ వాట్లింగ్. అందరూ బీజే అంటారు. 1985 జులై 9న దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టాడు. పదేళ్ల వయసులో కుటుంబంతో న్యూజిలాండ్ వెళ్లాడు. హామిల్టన్‌లో చదువుకున్నాడు, నార్తర్న్ డిస్ట్రిక్ట్స్ జట్టుకు ఆడాడు, 2004లో బంగ్లాదేశ్‌లో జరిగిన అండర్-19 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్ తరఫున బరిలోకి దిగాడు. 2009 నుంచి 2021 వరకు 75 టెస్టుల్లో 3,790 పరుగులు చేశాడు. సగటు 37కు పైనే. శతకాలు ఎనిమిది. కీపర్‌గా 265 మందిని ఔట్ చేయడంలో చేయి వేశాడు. ఆడమ్ పరోరే పేరిట ఉన్న న్యూజిలాండ్ రికార్డును దాటింది ఇతనే.

అంకెలు చూస్తే మంచి ఆటగాడని తెలుస్తుంది. ఆ పరుగులు జట్టు ఎంత స్కోరు మీద ఉండగా వచ్చాయో చూస్తేనే అసలు మనిషి తెలుస్తాడు.

దక్షిణాఫ్రికాలో పుట్టినవాడు న్యూజిలాండ్‌కు ఎలా ఆడగలిగాడు?

ఇందులో మెలిక ఏమీ లేదు. ఒక దేశానికి ఆడాలంటే అక్కడ పుట్టి ఉండాలి, లేదా ఆ దేశ పౌరుడై ఉండాలి, లేదా ఐసీసీ చెప్పిన మేరకు కొన్నేళ్లు అక్కడ నివాసం ఉండాలి. ఇప్పటి నిబంధనల్లో ఆ గడువు మూడేళ్లు. వాట్లింగ్ విషయంలో ఆ లెక్క చూడాల్సిన పనే లేదు. చిన్నప్పుడే వెళ్లిపోయాడు కాబట్టి బడిలో క్రికెట్, అండర్-19, దేశవాళీ అన్నీ న్యూజిలాండ్‌వే. పెద్దయ్యాక, పుట్టిన దేశంలో అవకాశాలు రాక విమానం ఎక్కినవాళ్ల కథ వేరు. వాళ్ల గురించి కింద చెబుతాను.

మొదటి నుంచీ కీపరేనా?

కాదు. చాలామంది మర్చిపోయే విషయం ఇది. 2009 డిసెంబరులో నేపియర్‌లో పాకిస్థాన్‌పై తొలి టెస్టు ఆడినప్పుడు అతను ఓపెనర్. రెండో ఇన్నింగ్స్‌లో 60 పరుగులతో అజేయంగా నిలిచాడు. న్యూజిలాండ్ ఛేదన సాఫీగా సాగుతుండగా వాన పడి మ్యాచ్ డ్రా అయింది. ఆరంభం బాగానే ఉన్నా తర్వాత ఓపెనర్‌గా కుదురుకోలేదు. జట్టులోకి వస్తూ పోతూ ఉన్నాడు.

మెకల్లమ్ టెస్టుల్లో కీపింగ్ వదిలేయడంతో ఆ స్థానం ఖాళీ అయింది. 2012 జనవరిలో అదే నేపియర్‌లో జింబాబ్వేపై వాట్లింగ్ తొలిసారి టెస్టు కీపర్‌గా దిగాడు. ఆ మ్యాచ్‌లోనే 102 పరుగులతో అజేయంగా నిలిచాడు. న్యూజిలాండ్ ఇన్నింగ్స్ 301 పరుగుల తేడాతో గెలిచింది. జింబాబ్వే ఒకే రోజులో రెండుసార్లు ఆలౌటైన మ్యాచ్ అది. ఇక స్థానం ఖాయమనుకుంటుండగానే తుంటి గాయమైంది.

అతని బదులు వచ్చిన క్రూగర్ వాన్ విక్ కూడా దక్షిణాఫ్రికావాడే! స్వదేశంలో టెస్టు పిలుపు రాక న్యూజిలాండ్ వచ్చి, కాంటర్‌బరీకి ఆడి, 32 ఏళ్ల వయసులో పుట్టిన దేశంపైనే తొలి టెస్టు ఆడాడు. 2012 ఆగస్టులో హైదరాబాద్‌లోని ఉప్పల్‌లో జరిగిన టెస్టులో కివీస్ కీపర్ అతనే. పుజారా 159, అశ్విన్ 12 వికెట్లు గుర్తున్నవాళ్లకు స్టంప్స్ వెనక గంటల తరబడి వంగి లేచిన ఆ పొట్టి మనిషి కూడా గుర్తుండే ఉంటాడు. వాన్ విక్ తొమ్మిది టెస్టులే ఆడాడు. 2013 ఆరంభంలో గ్లవ్స్ మళ్లీ వాట్లింగ్ చేతికి వచ్చాయి. ఆ తర్వాత దాదాపు ఎనిమిదిన్నరేళ్లు, గాయాలప్పుడు తప్ప, మరొకరి చేతికి పోలేదు.

వెల్లింగ్టన్‌లో 2014లో ఏం జరిగింది? మెకల్లమ్ ట్రిపుల్ సెంచరీ మ్యాచ్ కదా అది?

అవును, అందరికీ ఆ 302 గుర్తు. నాకు మాత్రం అవతలి ఎండ్ గుర్తు.

ఫిబ్రవరిలో బేసిన్ రిజర్వ్ మైదానం. మనవాళ్లు తొలి ఇన్నింగ్స్‌లో న్యూజిలాండ్‌ను 192కే కూల్చారు. ఇషాంత్‌కు ఆరు వికెట్లు. మనం 438 చేశాం. 246 పరుగుల లోటుతో మళ్లీ బ్యాటింగ్‌కు దిగిన న్యూజిలాండ్ 94 పరుగులకే ఐదు వికెట్లు పోగొట్టుకుంది. తెల్లవారకముందే లేచి టీవీ ముందు కూర్చున్న మేమంతా ఆ రోజే మ్యాచ్ అయిపోతుందనుకున్నాం. ఇన్నింగ్స్ విజయమా, రేపటికి మిగులుతుందా అన్నదే చర్చ. మెకల్లమ్ తొమ్మిది పరుగుల మీద ఉన్నప్పుడు షమి బౌలింగ్‌లో కోహ్లీ క్యాచ్ వదిలాడు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇంకో క్యాచ్ వస్తుందిలే అనుకున్నాం.

ఐదో వికెట్ పడ్డాక వాట్లింగ్ వచ్చాడు. ఆ తర్వాత మా ఇంట్లో కాఫీలు అయిపోయాయి, టిఫిన్లు అయిపోయాయి, ఆఫీసుకు వెళ్లేవాళ్లు వెళ్లిపోయారు. వికెట్ పడలేదు. మర్నాడు మళ్లీ తెల్లవారుజామునే లేచాం. అప్పుడూ పడలేదు. ఇద్దరూ కలిసి 352 పరుగులు జోడించారు. ఆరో వికెట్‌కు అప్పటికి అదే ప్రపంచ రికార్డు. అంతకుముందు రికార్డు 351. అదీ మనమీదే! 2009లో అహ్మదాబాద్‌లో మహేల జయవర్ధనే, ప్రసన్న జయవర్ధనే కలిసి చేశారు.

వాట్లింగ్ 124 పరుగులకు 367 బంతులు తీసుకున్నాడు. ఆ ఇన్నింగ్స్‌లో కళ్లు చెదిరే షాట్లంటూ ఏమీ లేవు. ఆఫ్‌స్టంప్ బయటి బంతిని వదిలేయడం, ఒంటి మీదికి వచ్చినదాన్ని చేతులు సడలించి కాళ్ల దగ్గరే పడేయడం, పొట్టి బంతి పడితే కట్ చేయడం, అంతే. వదిలిన ప్రతి బంతి తర్వాతా పక్కకు రెండడుగులు నడిచి, వచ్చి, మళ్లీ గార్డు తీసుకునేవాడు, అంటే వికెట్ల ముందు తాను నిలబడే చోటు సరిచూసుకునేవాడు. చూసేవాళ్లకు విసుగు పుట్టేది. మన బౌలర్లకు ప్రాణం విసిగిపోయింది. జహీర్ ఖాన్‌కు అదే చివరి టెస్టు. అంత అనుభవజ్ఞుడికి కూడా ఏ వైపు నుంచి ఏం వేయాలో తోచని పరిస్థితి తెచ్చారు.

చివరికి న్యూజిలాండ్ ఎనిమిది వికెట్లకు 680 దగ్గర డిక్లేర్ చేసింది. కొత్త కుర్రాడు నీషమ్ అరంగేట్రంలోనే శతకం బాదాడు. మ్యాచ్ డ్రా, సిరీస్ వాళ్లది. మెకల్లమ్ త్రిశతకానికి ఆ దేశమంతా లేచి నిలబడింది. న్యూజిలాండ్‌వాళ్లలో అది మొదటిది మరి. 1991లో ఇదే మైదానంలో మార్టిన్ క్రో 299 దగ్గర ఆగిపోయిన బాధ వాళ్లకుంది. కానీ అవతల ఎవరో ఒకరు రోజు పైబడి నిలబడకపోతే త్రిశతకం సంగతి దేవుడెరుగు, మెకల్లమ్‌కు నూరు పూర్తి చేసుకునే వ్యవధి కూడా ఉండేది కాదు.

ఆ రికార్డు ఇంకా ఉందా?

లేదు. ఏడాదికే పోయింది. దాన్ని బద్దలు కొట్టినవాళ్లలో ఒకడు వాట్లింగే.

2015 జనవరిలో అదే మైదానంలో శ్రీలంకపై తొలి ఇన్నింగ్స్‌లో 135 పరుగులు వెనకబడి, రెండో ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లకు 159 మీద ఉన్నప్పుడు విలియమ్సన్, వాట్లింగ్ జత కలిశారు. ఇక విడిపోలేదు. అజేయంగా 365 జోడించారు. విలియమ్సన్ 242, వాట్లింగ్ 142. ఈసారి డ్రా కాదు, 193 పరుగుల విజయం. మరుసటి ఏడాది కేప్‌టౌన్‌లో ఇంగ్లండ్ జోడీ స్టోక్స్, బెయిర్‌స్టో 399తో దాన్నీ దాటేశారు.

ఈ నాలుగు భాగస్వామ్యాల్లోనూ ఒక ఎండ్‌లో ఉన్నది కీపరే. ప్రసన్న, వాట్లింగ్, మళ్లీ వాట్లింగ్, బెయిర్‌స్టో. ఆరు, ఏడు స్థానాల్లో వచ్చేది కీపరే కాబట్టి ఇందులో వింతేమీ లేదు గానీ, కీపర్‌ను ఎంపిక చేసేటప్పుడు గ్లవ్స్‌తో పాటు ఇది కూడా చూస్తారు.

కీపింగ్ చేయకుండా బ్యాటర్‌గా మాత్రమే ఆడిన మ్యాచ్‌లు ఉన్నాయా?

తొలినాళ్లవి కాక, 2015లో ఇంగ్లండ్‌లోని హెడింగ్లీ టెస్టు ఉంది. లార్డ్స్‌లో మోకాలికి గాయం కావడంతో వంగి లేవడం కష్టమైంది. అయినా పక్కన పెట్టలేదు. బ్యాటర్‌గానే ఆడించారు. రెండో ఇన్నింగ్స్‌లో 120 కొట్టాడు. తొలి ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ సరిగ్గా 350కే ఆలౌటైన ఆ విచిత్రమైన మ్యాచ్‌లో న్యూజిలాండ్ 199 పరుగులతో గెలిచి సిరీస్ సమం చేసింది.

ఆ టెస్టుతో అరంగేట్రం చేసిన ల్యూక్ రాంకీ కూడా కీపరే. అతనిది వలసే, కాకపోతే తిరుగు ప్రయాణం. న్యూజిలాండ్‌లోని డానివర్క్‌లో పుట్టి, చిన్నప్పుడే ఆస్ట్రేలియాలోని పెర్త్ చేరాడు. 2008లో అక్కడి కీపర్ హాడిన్ వేలికి దెబ్బ తగిలితే ఆస్ట్రేలియాకు ఆడే అవకాశం వచ్చింది. వెస్టిండీస్‌పై 22 బంతుల్లోనే అర్ధశతకం బాదాడు. అయినా ఆస్ట్రేలియాకు నాలుగు వన్డేలు, మూడు టీ20లతోనే అతని ఆట ఆగిపోయింది. తిరిగి పుట్టిన దేశానికి వచ్చి 2013లో న్యూజిలాండ్ తరఫున మొదలుపెట్టాడు. 2015 ప్రపంచకప్ ఫైనల్లో మెల్‌బోర్న్‌లో, తనను పెంచిన ఆస్ట్రేలియాకు ఎదురుగా కివీస్ కీపర్‌గా నిలబడ్డాడు. పాపం, ఆ రోజు బ్యాటింగ్‌లో సున్నా.

న్యూజిలాండ్ కీపర్లలో టెస్టు ద్విశతకం ఇతనొక్కడిదేనా? మెకల్లమ్ కూడా కొట్టాడు కదా?

మెకల్లమ్ కొట్టాడు గానీ కీపర్‌గా కాదు. మనవాళ్లు బాగా కలగలిపేస్తున్న విషయం ఇదే. 2010 నవంబరులో ఉప్పల్‌లో అతను 225 కొట్టినప్పుడు ఓపెనర్‌గా దిగాడు. ఆ మ్యాచ్‌లో గ్లవ్స్ గారెత్ హాప్కిన్స్‌వి. కీపింగ్ చేస్తూ రెండు వందలు కొట్టిన తొలి న్యూజిలాండ్ ఆటగాడు వాట్లింగే.

అది 2019 నవంబరులో మౌంట్ మాంగనూయి టెస్టు. ఆ ఊరి మైదానానికి అదే తొలి టెస్టు. ఇంగ్లండ్ 353 చేసింది. న్యూజిలాండ్ నాలుగు వికెట్లకు 127. ఈ సంఖ్యలు చదివి మీకు నవ్వు రావచ్చు. ప్రతి కథా ఇలాగే మొదలవుతుందా అని. అవును, ఇతని కథలన్నీ ఇలాగే మొదలవుతాయి. 473 బంతులాడి 205 చేశాడు. శాంట్నర్‌తో కలిసి ఏడో వికెట్‌కు 261. ఇంగ్లండ్ బౌలర్లు రెండు రోజులకు పైగా ఎండలో నడిచారు. ఇన్నింగ్స్ 65 పరుగుల తేడాతో ఓడిపోయారు.

అన్నట్టు, అదే ఏడాది ఆగస్టులో కొలంబోలో కూడా అజేయంగా 105 చేశాడు. అక్కడా న్యూజిలాండ్ గెలుపు ఇన్నింగ్స్ 65 పరుగులతోనే!

కీపర్‌గా స్టంపింగ్‌లు ఎనిమిదేనా? అంత తక్కువ ఎందుకు?

చేసేవాడి లోపం కాదు, జట్టు తీరు అది. సౌథీ, బౌల్ట్, వాగ్నర్, తర్వాత జేమీసన్. వికెట్లు తీసేది పేసర్లే. కీపర్ రోజంతా వికెట్లకు దూరంగా, స్లిప్‌ల పక్కన ఉంటాడు. స్పిన్నర్‌కు వికెట్ల దగ్గర నిలబడే ఓవర్లు తక్కువ. ధోనీకి అశ్విన్, జడేజా రోజుకు నలభై ఓవర్లు వేస్తే వచ్చే అవకాశాలు ఇతనికి ఎక్కడివి?

కానీ దూరంగా నిలబడే కీపింగ్‌కు దాని కష్టం దానికుంది. కాలేజీ జట్టుకు మూడేళ్లు కీపింగ్ చేసినవాణ్ని కాబట్టి కాస్త చెప్పగలను. నా స్థాయి వేరనుకోండి. బౌల్ట్ లాంటి ఎడమచేతి బౌలర్ కొత్త బంతిని లోపలికి స్వింగ్ చేస్తే, అది బ్యాట్స్‌మన్‌ను దాటాక కూడా ఊగుతుంది. గాల్లో చివరి రెండు గజాల్లో పక్కకు జరుగుతుంది. ముందే చేతులు పెట్టేసిన కీపర్ దొరికిపోతాడు. వాగ్నర్‌ది మరో తలనొప్పి. అతను భుజం ఎత్తుకు వేసే బంతి బ్యాట్స్‌మన్ గ్లవ్‌కు తగిలి లెగ్ సైడ్ పడుతుంది. కీపర్‌కు అటువైపు బ్యాట్స్‌మన్ ఒళ్లే అడ్డం. బంతి కనపడేసరికి దూకి ఉండాలి.

వాట్లింగ్ ఈ క్యాచ్‌లు పట్టేటప్పుడు గమనించండి. దూకడం కంటే ముందు అడుగు కనిపిస్తుంది. పాదం కదిలాక చేతులు కదులుతాయి. పాదం సరిగా పడితే దూకాల్సిన అవసరమే రాదు, క్యాచ్ తేలికైనదిలా కనిపిస్తుంది. అందుకే అతని మంచి క్యాచ్‌లు చాలా వరకు హైలైట్స్‌లో దొరకవు. పక్షిలా ఎగిరి పట్టిన క్యాచ్‌ల్లో కొన్ని అడుగు ఆలస్యం కావడం వల్లే అంత అందంగా ఉంటాయని నా అభిప్రాయం. దీని మీద నాతో గొడవ పడేవాళ్లున్నారు.

వన్డేలు, టీ20ల్లో ఎందుకు కనపడలేదు?

28 వన్డేలు, ఐదు టీ20లు ఆడాడు. 2012లో పల్లెకెలెలో శ్రీలంకపై అజేయంగా చేసిన 96 అతని అత్యధికం. రాంకీ, లేథమ్ లాంటివాళ్లు ఉండగా పొట్టి ఆటలో అతనికి చోటు తక్కువ. బాదుడు అతని పని కాదు.

మనకు మాత్రం ఒక గుర్తు ఉంది. 2016 అక్టోబరు 29న విశాఖపట్నంలో జరిగిన వన్డేలో అతను ఆడాడు. మనవాళ్లు జెర్సీల వెనక అమ్మల పేర్లు రాసుకుని దిగిన మ్యాచ్. 270 పరుగుల లక్ష్యం ముందు న్యూజిలాండ్ 79కే కుప్పకూలింది. అమిత్ మిశ్రా 18 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీశాడు. వాట్లింగ్ అతని బంతికే బౌల్డ్ అయ్యాడు, పరుగేమీ చేయకుండా. జట్టు కూలుతున్నప్పుడు నిలబెట్టడమే వృత్తిగా పెట్టుకున్నవాడు కూడా విశాఖలో ఆ సాయంత్రం ఏమీ చేయలేకపోయాడు.

పుట్టిన దేశం మీద ఎలా ఆడాడు?

శతకం లేదు. ఎనిమిదింటిలో రెండు జింబాబ్వేపై, రెండు శ్రీలంకపై, రెండు ఇంగ్లండ్‌పై, ఒక్కొక్కటి బంగ్లాదేశ్, భారత్‌లపై. అయితే గాయం నుంచి కోలుకుని 2013 జనవరిలో తిరిగొచ్చింది దక్షిణాఫ్రికా గడ్డ మీదికే. కేప్‌టౌన్‌లో న్యూజిలాండ్ 45కే ఆలౌటైన అవమానం మనకందరికీ తెలుసు. తర్వాతి టెస్టు పోర్ట్ ఎలిజబెత్‌లో. స్టెయిన్ నిప్పులు కురిపిస్తుంటే జట్టంతా కలిసి 121 చేస్తే, అందులో వాట్లింగ్‌వి 63. ఓడిన మ్యాచే. అయినా జట్టు అతన్ని మళ్లీ వదులుకోలేదు.

వేలు తప్పినా ఆడాడంటారు, ఆ సంగతి ఏమిటి?

2021 మే నెలలోనే ప్రకటించాడు, ఇంగ్లండ్ పర్యటనే ఆఖరని. లార్డ్స్‌లో ఆడాడు. ఎడ్జ్‌బాస్టన్‌లో నడుము పట్టేసి బయట కూర్చున్నాడు. చివరి మ్యాచ్‌గా మిగిలింది సౌథాంప్టన్‌లో భారత్‌తో తొలి ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ ఫైనల్. బ్యాటింగ్‌లో చివరి ఇన్నింగ్స్ ఒక్క పరుగు. షమి బౌల్డ్ చేశాడు.

వానల వల్ల ఆట రిజర్వు రోజుకు, అంటే ఆరో రోజుకు పోయింది. జూన్ 23. ఉదయం ఆట మొదలయ్యే ముందు కోహ్లీ వచ్చి వాట్లింగ్‌తో చేయి కలిపి అభినందించాడు. కాసేపటికే జేమీసన్ బంతి కోహ్లీ బ్యాట్ అంచుకు తగిలి వాట్లింగ్ గ్లవ్స్‌లో పడింది. ఆ తర్వాత రహానే, లెగ్ సైడ్, మళ్లీ వాట్లింగే.

ఆ సెషన్‌లోనే ఫీల్డర్ విసిరిన బంతి కుడి ఉంగరపు వేలికి తగిలి కీలు తప్పింది. కీపింగ్ చేయనివాళ్లకు ఇది ఎంత నొప్పో చెప్పడం కష్టం. నా చిటికెన వేలు ఒకసారి ఇలాగే తప్పింది. సర్ది, పక్క వేలితో కలిపి కట్టాక కూడా రెండు వారాలు చొక్కా గుండీ పెట్టుకోవడానికి అమ్మ సాయం కావలసి వచ్చింది. కీపర్‌కు బంతి అందే ప్రతిసారీ దెబ్బ పడేది అక్కడే. అంచుకు తగలని బంతులు కూడా చేతిలోకే కదా వచ్చేది! భోజన విరామంలో వేలు సర్ది, కట్టు కట్టించుకుని, మళ్లీ గ్లవ్స్ తొడుక్కుని వచ్చాడు. ప్రత్యామ్నాయ కీపర్‌ను దింపుకోవచ్చు, తప్పేమీ లేదు. దింపలేదు.

విరామం తర్వాత జడేజా ఔటయ్యాడు. స్కోరు కార్డులో ఆ వరుస ఇలా ఉంటుంది: జడేజా, క్యాచ్ వాట్లింగ్, బౌలింగ్ వాగ్నర్, 16. వాగ్నర్ పుట్టింది ప్రిటోరియాలో. కీపర్ పుట్టింది డర్బన్‌లో. ఇద్దరూ కలిసి ఇంగ్లండ్‌లో న్యూజిలాండ్ కోసం ఒక భారతీయుణ్ని ఔట్ చేశారు. 139 పరుగుల లక్ష్యాన్ని ఛేదించడానికి ఓపెనర్‌గా వచ్చిన కాన్వేది జోహన్నెస్‌బర్గ్. న్యూజిలాండ్ ఎనిమిది వికెట్లతో గెలిచింది. వాట్లింగ్‌కు మళ్లీ బ్యాట్ పట్టే పని పడలేదు. మ్యాచ్ మొత్తం మీద ఐదు క్యాచ్‌లు.

మనం ఓడిన మ్యాచ్ కాబట్టి అప్పుడు ఈ వేలి సంగతి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. అది సహజమే.

ఇలా ఊరు మారి కీపింగ్ చేసినవాళ్లు ఇంకెవరున్నారు?

చాలామందే. అందరిలో నాకు ఆసక్తిగా అనిపించేది గెరైంట్ జోన్స్. వేల్స్ తల్లిదండ్రులకు పపువా న్యూ గినీలో పుట్టాడు, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పెరిగాడు, ఇంగ్లండ్‌కు 34 టెస్టులు ఆడాడు. 2005లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల యాషెస్ సిరీస్‌లో ఎడ్జ్‌బాస్టన్ టెస్టు రెండు పరుగుల తేడాతో ముగిసింది కదా, హార్మిసన్ బంతికి కాస్ప్రోవిచ్ ఇచ్చిన ఆ లెగ్ సైడ్ క్యాచ్ పట్టింది ఇతనే, తాను పెరిగిన దేశం మీద. చివరికి 2014లో పుట్టిన పపువా న్యూ గినీ తరఫున వన్డేలు ఆడాడు. ఆ జట్టుకు అవే మొట్టమొదటి వన్డేలు.

మ్యాట్ ప్రయర్ జోహన్నెస్‌బర్గ్‌లో పుట్టి పదకొండేళ్లకు ఇంగ్లండ్ వెళ్లాడు. లార్డ్స్‌లో అరంగేట్రంలోనే శతకం కొట్టాడు. కీస్వెటర్ దక్షిణాఫ్రికా అండర్-19కు ఆడి, 2010 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్‌కు మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. ఇటీవలి పేరు మోనాంక్ పటేల్. గుజరాత్‌లోని ఆనంద్‌లో పుట్టిన ఈ కీపర్ అమెరికా కెప్టెన్‌గా 2024 టీ20 ప్రపంచకప్‌లో డాలస్‌లో పాకిస్థాన్‌పై అర్ధశతకం చేశాడు. సూపర్ ఓవర్‌లో అమెరికా గెలిచింది.

తెలుగువాళ్లలో ఇలా విదేశీ జట్టుకు ఆడినవారున్నారా?

ఉన్నారు. ప్రధానంగా బ్యాటరే గానీ తేజ నిడమానూరు కథ వాట్లింగ్ కథకు దగ్గరగా ఉంటుంది. విజయవాడలో పుట్టి, చిన్నప్పుడే న్యూజిలాండ్ వెళ్లి ఆక్లాండ్‌లో పెరిగాడు. తర్వాత నెదర్లాండ్స్ చేరి ఆ దేశం తరఫున ఆడుతున్నాడు. 2023లో హరారేలో వెస్టిండీస్‌పై ప్రపంచకప్ అర్హత పోటీలో 111 కొట్టాడు. అదే ఏడాది అక్టోబరులో ఉప్పల్‌లో పాకిస్థాన్‌తో, ఆ తర్వాత న్యూజిలాండ్‌తో ఆడాడు. తెలుగు నేల మీద, తనను పెంచిన దేశం మీద, మూడో దేశం జెర్సీతో! అతని కెప్టెన్, కీపర్ స్కాట్ ఎడ్వర్డ్స్ పుట్టింది టోంగాలో.

ఇక సౌథాంప్టన్ ఫైనల్ సమయంలో మన బృందంతో రిజర్వు కీపర్‌గా ఇంగ్లండ్‌లో ఉన్నది విశాఖ కుర్రాడు కె.ఎస్. భరత్.

వేరే దేశంలో పుట్టినవాళ్లను ఆడించడం న్యాయమేనా?

ఈ ప్రశ్న అడిగే చాలామంది ఇళ్లల్లో ఒకరైనా డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటారు. వాళ్ల పిల్లలు అక్కడి బడి జట్టుకు ఎంపికైతే వాట్సాప్‌లో ఫొటో పెట్టి మురిసిపోతాం. పదేళ్ల పిల్లాడు తాను ఎంచుకుని దేశం మారడు. అమ్మానాన్నలు సామాన్లు సర్దితే వెంట వెళతాడు. ఆపై ఏ మైదానంలో బంతి పట్టడం నేర్చుకుంటే అదే అతని మైదానం.

ఒక్క జాతీయ జట్టు కోసమే ఊరు మార్చే పెద్దవాళ్ల విషయంలో కొంత చర్చకు చోటుంది. వాన్ విక్ లాంటివాళ్ల వల్ల స్థానిక కీపర్‌కు అవకాశం పోయిందా అంటే, పోయి ఉండవచ్చు. కానీ 32 ఏళ్ల వరకు దేశవాళీలో పరుగులు చేస్తూ ఎదురుచూసినవాణ్ని అడ్డదారిన వచ్చాడని నేను అనలేను.

ఇప్పుడు చూడాలంటే ఏ ఇన్నింగ్స్‌తో మొదలుపెట్టాలి?

వెల్లింగ్టన్ 2014. కాకపోతే హైలైట్స్ చూడకండి, అందులో వాట్లింగ్ ఉండడు, మెకల్లమ్ సిక్సర్లే ఉంటాయి. పూర్తి సెషన్ దొరికితే నాలుగో రోజు ఉదయం చూడండి. అంత ఓపిక లేకపోతే 2013 అక్టోబరులో చిట్టగాంగ్‌లో చేసిన 103 వెతకండి. ఆఖరి వికెట్‌కు బౌల్ట్‌తో 127 పరుగులు జోడించాడు. పదకొండో నంబరు బౌల్ట్ అర్ధశతకం చేసి నవ్వుతుంటాడు. అవతలి ఎండ్‌లో వాట్లింగ్ మళ్లీ గార్డు తీసుకుంటూ ఉంటాడు.